ఎమ్మిగనూరుకు తూర్పున పోయిన గీత

ఆ కాగితం హైదరాబాదు నుంచి వచ్చిన రోజు మా ఆఫీసులో ఎవరూ సరిగా అన్నం తినలేదు. పొడుగాటి కాగితం. రెండంచుల్లో వరసగా చిల్లులు. మడతలు మడతలుగా వచ్చింది. ఇంజనీరు సారు దాన్ని డ్రాయింగు బల్ల మీద పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా మూలలకు సిరా బుడ్లు పెట్టినాడు. కాగితం నిండా చుక్కలు. చుక్కల మధ్యలో నక్షత్రం గుర్తులు ఒకదాని వెనక ఒకటి బారుగా పోతాండాయి. ఆ బారే మేము వేయబోయే రోడ్డు.

"ఇది ఎటు పోతోందమ్మా?" అని అడిగినాడు సారు.

వంగి చూసినాను. ఆ రోడ్డు ఆదోనిలో మొదలై, ఎమ్మిగనూరు ఊళ్ళోకి పోకుండా పడమటి పక్కన ఎర్రనేలల మీదుగా నందవరం చేరాలి. మేమందరం అనుకున్నది అదే. కాగితం మీద గీత మాత్రం ఎమ్మిగనూరుకు దక్షిణంగా చుట్టు తిరిగి, తూర్పు పక్కకు పోయి, ఆడినుంచి ఉత్తరానికి ఎక్కి నందవరం దగ్గర తేలింది.

"తూర్పున పోయింది సార్."

"కనపడుతూనే ఉంది. ఎందుకు పోయింది?"

నేను గీతను వేలితో ఆదోని నుంచి మళ్ళీ పట్టుకుంటూ పోయినాను.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. ఆదోనిలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో, పైన రేకులు, కింద నాపరాళ్ళు ఉన్న ఆఫీసు మాది. నేను ట్రేసర్ని. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన నక్షా మీద పలచటి కాగితం పరిచి నల్లసిరాతో ఎత్తి రాయడం నా పని. మా ఇంట్లో ఆడవాళ్ళు ఉద్యోగానికి పోవడం నాతోనే మొదలు. మా నాయన పత్తి దళారీ. ఎండాకాలమంతా ఆయన చొక్కాకు దూది నూగు అంటుకొనే ఉండేది. నన్ను ఉద్యోగానికి పంపినందుకు మసీదు దగ్గర ఎవరెవరో ఏదేదో అనేవాళ్ళు. ఆయన విననట్టే ఉండేవాడు. నాకు మాత్రం ఒక్కటే చెప్పినాడు: "బేటీ, ఆఫీసులో నీ బల్ల మీది పని నువ్వు చూసుకో. పక్క బల్ల మీది మాటలు ఇంటికి తేవద్దు."

ఆఫీసులో ముఖ్యంగా ఉండేది ముగ్గురం. ఇంజనీరు సారు కోస్తా నుంచి వచ్చినవాడు. పని తెలిసినవాడు, లంచం ముట్టనివాడు. మా ప్రాంతమంటే ఆయనకు లోపల ఏదో జంకు. ఎవరైనా టీ ఇప్పిస్తామన్నా ఎందుకు ఇప్పిస్తున్నారని ఆలోచించేవాడు. రెండో ఆయన ఓవర్సీరు. నందవరం పక్క పల్లెలో కూలికి పోయే క్రైస్తవుల కుటుంబంలో పుట్టి, చదువుకొని, వాళ్ళ ఇంట్లో మొదటిసారి నెలజీతం చూసిన మనిషి. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను సెల్లెమ్మా అనేవాడు. మూడోదాన్ని నేను. మా ముగ్గురి చుట్టూ తిరుగుతూ టీ తెచ్చి, మాటలు మోసే అటెండరు ఒకాయన.

ఆ ఏడు హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థ నుంచి కళ్ళద్దాల కుర్రాయన ఒకరు వచ్చినాడు. మేము కంప్యూటరు సారు అనేవాళ్ళం. రోడ్డు ఏ దారిన పోతే తక్కువ ఖర్చు అవుతుందో మెషీనే లెక్కేసి చెబుతుందన్నాడు. దానికి మేము చేయాల్సింది ఇది: నక్షా మీద గళ్ళ కాగితం పరిచి, ఒక్కో గడిలో ఉన్న నేలకు ఒక అంకె వేయాలి. గరుసు కలిసిన ఎర్రనేలకు ఒకటి. నల్లరేగడికి నాలుగు, ఎందుకంటే వానకు ఉబ్బి ఎండకు పగిలే నేల మీద రోడ్డు నిలబెట్టాలంటే ఖర్చు. కాలువ కింద మాగాణికి ఆరు. వానాకాలం నీళ్ళు పారే వంకకు ఏడు. కొండకు ఎనిమిది. ఊరుంటే తొమ్మిది. మెషీను పెద్ద అంకెలు తప్పించుకుంటూ చిన్న అంకెల మీదుగా దారి వెతుక్కుంటుంది. మాట వినడానికి బాగానే ఉంది. ఓవర్సీరన్న ఊరూరూ తిరిగి నేల చూసి వచ్చినాడు. తూర్పు షీటు ఆయన నింపినాడు, పడమటి షీటు ఆయన చెబుతాంటే నేను నింపినాను. రెండూ కట్టగట్టి హైదరాబాదు పంపినాము. దానికి జవాబుగా వచ్చిందే ఆ చిల్లుల కాగితం.

సాయంత్రం అటెండరు టీ గ్లాసులు తీసుకుపోతూ నా బల్ల దగ్గర ఆగినాడు.

"అమ్మా, ఆ గీత పక్కనే ఎవురి సేనుందో తెలుసునా?"

"నాకెట్లా తెలుస్తుంది?"

"మన ఓవర్సీరు బావమరిది సేను. మొన్న ఎండాకాలంలోనే కొన్న్యాడు. కూలికి పోయేటోళ్ళకు సేను కొనే దుడ్డు యాడిదో మరి."

అని గ్లాసులు తీసుకొని పోయినాడు. నేను కాగితం వైపు చూసినాను. ఉదయం దాకా అది నాకు అర్థం కాని గీత. ఇప్పుడు అర్థమైనట్టు అనిపించింది. అట్లా అనిపించడం నాకే నచ్చలేదు. అయినా అనిపించింది.

అటెండరు అదే మాట సారు చెవిలో కూడా వేసినట్టుంది. మర్నాడు ఓవర్సీరన్న బయటి పని మీద పోయినాక సారు నన్ను లోపలికి పిలిచినాడు. తలుపు దగ్గరగా వేయమన్నాడు.

"తూర్పు షీటు అంకెలు అతను ఒక్కడే వేశాడు కదా?"

"అవును సార్."

"నువ్వు ఒకసారి మొత్తం సరిచూడాలి. అతను ఆఫీసులో లేనప్పుడు మాత్రమే. ఎవరికీ చెప్పొద్దు."

"అన్నను అడిగితే ఆయనే చెబుతాడు కదా సార్."

"దొంగను పిలిచి దొంగతనం ఎలా చేశావని అడుగుతారా?" అని, వెంటనే సర్దుకున్నాడు. "దొంగ అని కాదు. తెలుసుకోవాలి. మీ వైపు మనుషుల సంగతి నాకు తెలియదు, అందుకే నిన్ను అడుగుతున్నాను."

ఆ "మీ వైపు" అనే మాటలో నేనూ ఉన్నానని ఆయనకు తోచినట్టు లేదు.

ఆ వారమంతా నేను ఆఫీసులో ఉన్న తీరు ఇప్పుడు తలచుకుంటే వింతగా ఉంటుంది. ఓవర్సీరన్న సైకిలు గేటు దాటిన చప్పుడు వినగానే తూర్పు షీటు తీసేదాన్ని. మళ్ళీ చప్పుడైతే డ్రాయరులో పెట్టేదాన్ని. ఒకసారి ఆయన మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చినాడు. నేను షీటు మీద చేతులు పరిచి కూర్చున్నాను.

"ఏం సెల్లెమ్మా, జొరమా? మొగం అట్లుంది?"

"ఏం లేదన్నా."

"సెనక్కాయలు తెచ్చినా, ఉడకబెట్టినవి. తిను" అని పొట్లం బల్ల మీద పెట్టి పోయినాడు.

ఆయన అట్లా తెచ్చిపెట్టడం కొత్త కాదు. ఎప్పుడూ తెచ్చేవాడు. ఆ రోజు మాత్రం ఎందుకు తెచ్చినాడా అనుకున్నాను. పొట్లం విప్పబుద్ధి కాలేదు. సాయంత్రం అటెండరుకిచ్చేసినాను. అనుమానం ఒకసారి మొదలైతే మంచితనం కూడా సాక్ష్యం మాదిరే కనపడుతుందని నాకు ఆ వారం తెలిసింది.

అంకెల్లో తప్పు దొరకలేదు. బావమరిది సేను ఉన్న చోట ఓవర్సీరన్న నాలుగే వేసినాడు. అంటే నల్లరేగడి, ఖర్చయ్యే నేల. రోడ్డు అటు తిప్పుకోవాలనుకున్నోడు అక్కడ ఒకటి వేయాలి కదా. సారుకు అదే చెప్పినాను. ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు.

"చుట్టుపక్కల గళ్ళలో ఎక్కువ వేసి ఉండొచ్చు. అప్పుడు మెషీను తప్పించుకుని ఇటే వస్తుంది. తెలివైనవాడు తన గడిలో చేయి పెట్టడు, పక్క గళ్ళలో పెడతాడు."

"అయితే నేల చూడాల్సిందే సార్."

"చూద్దాం."

ఓవర్సీరన్నను కోడుమూరు పని మీద పంపి, మేమిద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కినాము. ఆడ దిగి, ఒక గుర్రపుబండి మాట్లాడుకొని తూర్పుకు పోయినాము. బండిలో గడ్డపార, ఒక సంచి, ఒక నీళ్ళ క్యాను. ఆడపిల్లను వెంటబెట్టుకొని గడ్డపారతో పోతాన్న ఆఫీసరును చూసి, సేన్లలో జొన్న కోస్తాన్నోళ్ళు పని ఆపి నిలబడినారు. సారు నక్షా చూసి చోటు చెప్పేవాడు. బండాయన తవ్వేవాడు. నేను మట్టి చేతిలోకి తీసుకొని, నీళ్ళు పోసి పిసికి, రంగు రాసుకునేదాన్ని. ఒక చోట నలుపు. ఓవర్సీరన్న వేసింది నాలుగు. సరే. ఇంకో చోట వంక. ఆయన వేసింది ఏడు. సరే. ఇంకో చోట కాలువ నీళ్ళు పారే వరిమడి. ఆరు. అదీ సరే.

మధ్యాహ్నం తల మీద తువ్వాలు వేసుకొని ఒకాయన వచ్చినాడు. బక్కగా ఉన్నాడు. చేతిలో చెంబు.

"మజ్జిగ తాగండి సార్. ఎండ శానా ఉంది. యాడినుంచి వచ్చినారు?"

సారు నా వైపు చూసినాడు. "భూసారం పరీక్షలకు వచ్చాం. ఈ చేను ఎవరిది?"

"నాదే సార్. ఈమధ్యనే తీసుకున్న్యా. మా బావ ఆదోనిలో మీ అట్లాంటి ఆఫీసులోనే పని సేస్తాడు."

సారు మజ్జిగ తాగలేదు. ఆ మనిషి చెంబు పట్టుకొని కొంచెంసేపు అట్లే నిలబడినాడు. తర్వాత నాకిచ్చినాడు. నేను తాగినాను. సారు ముందు తాగడం తప్పేమో అనిపించింది, తాగకపోవడం ఇంకా పెద్ద తప్పని అనిపించింది. మేము బండెక్కుతాంటే ఆయన తవ్విన గుంతలోకి తొంగి చూస్తా ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సారు నేను రాసుకున్నవి ఒక్కొక్కటీ నక్షాతో సరిచూసుకుంటూ కూర్చున్నాడు. ఆదోని కొండలు కనపడే దాకా వచ్చినాక అన్నాడు:

"నేల ఉన్నది ఉన్నట్టే రాశాడు."

"అవును సార్."

"అయితే తప్పు హైదరాబాదులో జరిగిందా? ఆ కళ్ళద్దాల అబ్బాయికి, ఇతనికి ఏమైనా పరిచయం ఉందా?"

ఓవర్సీరన్న మీద నుంచి అనుమానం దిగిపోతుందని నేను అనుకున్నాను. అది దిగలేదు, ఇంకొకరిని కూడా ఎక్కించుకుంది.

ఇంటికి వచ్చినాక మా నాయన నా గోళ్ళలో నల్లమట్టి చూసి, ఏం పని చేసినావని అడిగినాడు. నేల చూసొచ్చినానన్నాను. ఇంకేమీ అడగలేదు. పక్క బల్ల సంగతి ఇంటికి తేవద్దన్న మనిషి కదా.

సారు మరి రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పట్టినాడు. నన్ను వెంటబెట్టుకొని పోస్టాఫీసుకు పోయి హైదరాబాదుకు ట్రంకు కాలు మాట్లాడినాడు. లైను గరగరలాడతా ఉంది. గట్టిగా అరిచి చెప్పినాడు.

"బయలుదేరేది ఆదోనే. చేరాల్సిన ఊరు మాత్రం మార్చండి. నందవరం తీసేసి మాధవరం పెట్టండి. అవును, తుంగభద్ర ఒడ్డున ఉందే, ఆ మాధవరం. మిగతా అంకెలు ఏవీ ముట్టుకోవద్దు."

ఫోను పెట్టేసి నాతో అన్నాడు: "మాధవరం ఎమ్మిగనూరుకు పడమటగా, ఉత్తరానికి ఉంది. అక్కడికి పోయే దారికీ తూర్పున ఉన్న ఈ చేనుకూ ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు కూడా గీత తూర్పుకే పోయిందంటే అది మనిషి చేసిన పని కాదు."

ఆ మాటతో నాకు సారు మీద గౌరవం పెరిగింది. మనుషుల్ని నమ్మకపోయినా, తన అనుమానాన్ని కూడా పరీక్షకు పెట్టే మనిషి ఆయన.

కంప్యూటరు సారు ఈసారి కాగితాన్ని పోస్టులో పంపలేదు, తానే తెచ్చినాడు. బస్సు ప్రయాణానికి నలిగిపోయి ఉన్నాడు. సంచిలోంచి తీసి బల్ల మీద పరిచినాడు.

"ఏదో తేడాగా ఉంది సార్. మీరే చూడండి."

మాధవరం పోవాల్సిన గీత ఆదోనిలో లేచి, మాధవరానికి వీపు పెట్టి తూర్పుకు పోయింది. ఎమ్మిగనూరు చుట్టు తిరిగి, మొదటి కాగితంలో ఎక్కిన చోటే ఉత్తరానికి ఎక్కింది. పైదాకా పోయినాక అప్పుడు గుర్తుకొచ్చినట్టు పడమటికి తిరిగి మాధవరం చేరింది. అంత చుట్టు తిరిగి పోయే రోడ్డు తక్కువ ఖర్చుదని మెషీను చెబుతాంది.

సారు స్కేలు తీసుకొని ఉత్తరానికి పోయే గుర్తుల పక్కన పెట్టినాడు. స్కేలుకూ గుర్తులకూ మధ్య వెంట్రుక కూడా దూరదు.

"వంక వంకరగా పోతుంది. గట్టు వంకరగా పోతుంది. ఇంత నిటారుగా పోయేది ఈ నేల మీద ఏముంది?"

నేను అసలు నక్షా షీట్లు రెండూ తెచ్చి పక్కపక్కన పరిచినాను. సారు వేలు మాధవరం గీత మీద, నా వేలు షీటు మీద. ఇద్దరి వేళ్ళూ ఒకే చోటికి వచ్చినాయి. గీత పోతాన్నది రెండు షీట్లు కలిసే అంచు మీద.

"ఆ అంచులో ఏ అంకెలు వేశారో అవి నాకు కావాలి" అన్నాడు సారు.

కంప్యూటరు సారు తన సంచిలోంచి ఇంకో కాగితం తీసినాడు. మెషీనులో ఏ గడిలో ఏ అంకె ఉందో అచ్చు వేయించుకొని వచ్చినాడు, అవసరమవుతుందేమోనని. పరిచి చూస్తే కాగితం నిండా అంకెలు, మధ్యలో పైనుంచి కిందికి తెల్లటి బద్ద. ఆ బద్దలో ఒక్క అంకె లేదు.

"ఇక్కడ ఏమీ లేదేంటి?"

కంప్యూటరు సారు ముఖం మారిపోయింది. కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"ఖాళీ వదిలేస్తే మెషీను దాన్ని సున్నా అని చదువుకుంటుంది సార్."

"సున్నా అంటే?"

"అక్కడ రోడ్డు వేయడానికి ఖర్చే లేదని."

సారు స్కేలు కింద పెట్టినాడు. ఎర్రనేల ఒకటి. దానికంటే చౌకైన నేల మెషీనుకు దొరికింది. ఎంత దూరం చుట్టి పోయినా సరే, ఆ సున్నాల బద్ద ఎక్కితే చాలు, ఆ తర్వాత ప్రయాణమంతా ఉచితం. అందుకే నందవరం అన్నా, మాధవరం అన్నా, ముందు అక్కడికే పరుగెత్తింది.

"ఎవరు ఖాళీ వదిలింది?" అని సారు నన్ను చూసినాడు.

నేను గళ్ళ కాగితాలు తెచ్చి చూపించినాను. షీటు అంచులో గడి సగమే పడుతుంది. మిగతా సగం పక్క షీటులో ఉంటుంది. నా వైపు సగం గడి, ఓవర్సీరన్న వైపు సగం గడి. రెండు వైపులా ఖాళీ.

"సగం గడి వస్తే వదిలేయమని మాకు చెప్పినారు సార్."

"ఎవరు చెప్పారు?"

కంప్యూటరు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనే చెప్పాను" అన్నాడు. "చివరి అంచుల గురించి చెప్పాను. మధ్యలో రెండు షీట్లు అతుక్కునే అంచు నాకు తోచలేదు."

ఆయన్ని చూసి నాకు జాలేసింది, నన్ను చూసుకొని కూడా. వారమంతా నేను డ్రాయరులో దాచి దాచి వెతికింది ఒక మనిషి దురాశను. దొరికింది సగం గడి.

ఆ ఖాళీ బద్దను ఓవర్సీరన్న రాసుకొచ్చిన వివరాలతోనే నేనూ సారూ నింపినాము. ఆయనకు మాత్రం ఏమీ చెప్పలేదు. "ఈ సంగతి ఇక్కడితో సరి" అన్నాడు సారు. సరి కాలేదు.

తర్వాతి సోమవారం ఓవర్సీరన్న వచ్చి నా బల్ల ముందర నిలబడినాడు. సైకిలు తాళం చేతిలోనే ఉంది.

"సెల్లెమ్మా, మా బావమరిది సేన్లో మట్టి తవ్వినారంట కదా."

నేను తలెత్తలేదు.

"భూసారం పరీక్ష అన్న్యారంట. మట్టి తీసుకోని పోకుండా ఈడనే పారబోసి పోయినారు, ఇదేం పరీక్ష బావా అని వాడు నన్ను అడిగినాడు. ఏం సెప్పమంటావు?"

"సారు మీ షీటు సరిచూడమని చెప్పినాడన్నా."

"సారు ఈ పక్క మనిషి కాదు. ఆయన అనుమానపడితే నేను బాధపడను. నువ్వు నాతోపాటు అంకెలేసిన దానివి. నన్నడిగింటే గడ్డపార నేనే మోసుకోని వచ్చింటిని."

ఆయన గొంతు పెంచలేదు. అందుకే నాకు ఇంకా కష్టమైంది.

"సేను కొన్న సంగతి మీరెప్పుడూ చెప్పలేదు కదన్నా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

ఆయన పక్కనున్న స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"ఒకమాట నిజమే సెప్తా. నందవరం పక్క ఒక రోడ్డు వస్తుందని ఇంట్లో అన్న్యాను. యాడొస్తుందో నాకే తెలీదు. వాడు ఇన్న్యాడు. పెండ్లాం మెళ్ళోది అమ్మి, ఎవురో వదిలించుకుంటాన్న సేను పట్టుకున్న్యాడు. రోడ్డు వచ్చినా వస్తుందని వాని ఆశ. అది నేను సేయించిన పని కాదు. నోరు జారింది మాత్రం నేనే."

ఆ మాట నేను ఇన్నేళ్ళలో చాలాసార్లు తిప్పి చూసుకున్నాను. నిజమేనని నమ్మినాను. అయినా ఆ రోజు ఆయన ముఖంలోకి చూస్తూ, ఇది కూడా ఎంతవరకు నిజమో అని ఒక్క క్షణం అనుకోకుండా ఉండలేకపోయినాను. ఆయన అది కనిపెట్టినాడు. లేచి వెళ్ళిపోయినాడు.

సరిచేసిన కాగితం కొన్నాళ్ళకు వచ్చింది. ఈసారి గీత బుద్ధిగా ఎమ్మిగనూరుకు పడమటగా, ఎర్రనేలల మీదుగా పోయింది. అందరం ఊపిరి పీల్చుకున్నాము. అప్పుడు అటెండరు బల్ల మీదికి వంగి, తీరిగ్గా చూసి అన్నాడు:

"ఈ గీత పత్తి మిల్లు పక్కనుంచే పోతాంది కదా. అమ్మోళ్ళ నాయన సరుకు ఏసే మిల్లు."

మా నాయన చాలా మిల్లులకు పత్తి ఇప్పించేవాడు. అందులో అదీ ఒకటి. ఆ మిల్లు ఆ దారిలో ఉందని నాకు తెలుసు కానీ ఆ సంగతి ఒక సంగతని ఎప్పుడూ తోచలేదు. తలెత్తి చూసే సరికి సారు నన్నే చూస్తాన్నాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. మొన్నటిదాకా ఆయన పక్కన నిలబడి నేనూ అదే చూపుతో ఇంకొకరిని చూసినాను.

పడమటి షీటు నింపింది నేనే.

ఓవర్సీరన్న గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. ముందుకొచ్చినాడు.

"సార్, తూర్పు షీటు ఈయమ్మ సూసింది. పడమటి షీటు నేను సూస్తా. ఈడనే. అందరి ముందర."

సారు ఇబ్బందిగా కదిలినాడు. "అవసరం లేదు. తప్పు ఎక్కడుందో తేలిపోయింది కదా."

"నా దాంట్లో లేదని తేలింది సార్. ఈయమ్మ దాంట్లో లేదని కూడా తేలితే ఈయమ్మకే మంచిది."

నేను షీటు తీసి ఆయన ముందర పెట్టినాను. మధ్యాహ్నమంతా ఆయన ఒక్కో గడి మీద పెన్సిలు పెట్టి, అంకె పైకి చదువుతూ పోయినాడు. నేను ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. నేను ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు. తెలిసినా, తప్పు చేసిన మనిషి ఎట్లా కూర్చుంటుందో అట్లే కూర్చున్నాను. మిల్లు దగ్గరి గడి మీద ఆయన పెన్సిలు చాలాసేపు నిలబడింది.

"ఈడ ఒకటి ఏసినావు. నేను నాలుగు సెప్పినట్టు గుర్తు."

"ఒకటే చెప్పినారన్నా."

"గుర్తులేదు. రేపు పోయి సూసొస్తా." నా వైపు తిరిగి, "నీకు సెప్పే పోతాండా సెల్లెమ్మా" అన్నాడు.

మర్నాడు ఆయన ఎమ్మిగనూరు బస్సులో పోయి, సాయంత్రానికి వచ్చినాడు. చేతిరుమాలు మూట తెచ్చి నా బల్ల మీద విప్పినాడు. గరుసు రాళ్ళు కలిసిన ఎర్రమట్టి.

"ఒకటే" అన్నాడు. "నువ్వేసింది సరే." సారు గదిలోకి పోయి అదే మాట ఆయనకూ చెప్పి ఇంటికి పోయినాడు.

నేను ఆ మట్టిని ఎత్తి కిటికీలోంచి బయట పారబోసినాను. బల్ల తడిగుడ్డతో తుడిచినాను. ఏడుపు వచ్చింది కానీ ఆఫీసులో ఏడవకూడదని ఆపుకున్నాను.

తర్వాత మా ఇద్దరి మధ్య మాటలు ఆగిపోలేదు. పని మాటలన్నీ నడిచినాయి. సెల్లెమ్మా అనడం కూడా మానలేదు. సెనక్కాయల పొట్లం మాత్రం మళ్ళీ రాలేదు, నేనూ అడగలేదు. సారు ఒక రోజు ఆయన్ని గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడినాడు. క్షమాపణ చెప్పినాడో, ఇంకేం చెప్పినాడో తెలియదు. బయటికొచ్చినాక ఇద్దరూ కలిసి గేటు దగ్గర టీ తాగడం చూసినాను. సారు ఒకరు ఇప్పించిన టీ తాగడం నేను చూసింది అదొక్కసారే.

రోడ్డు సంగతి అంటారా, మా నివేదిక పైకి పోయింది. ఏళ్ళ తర్వాత ఎవరో కొత్తవాళ్ళు వచ్చి మళ్ళీ కొలిచినారు. ఆదోని వైపు కొంత దూరం వేసినారు, మిగతాది పాతదారే. ఆ వేసిన కాస్త రోడ్డు గురించి కూడా ఫలానా వాళ్ళు ఇటు తిప్పించుకున్నారని హోటళ్ళలో మాట్లాడుకునేవాళ్ళు. నేను వింటా ఊరుకునేదాన్ని. బావమరిది ఆ సేనులో శనగ వేసినాడని, బాగానే పండుతాందని ఓవర్సీరన్న ఒకసారి మాటల్లో చెప్పినాడు.

ఆ తరువాతి ఏడు ఆయనకు కోడుమూరు బదిలీ అయింది. పోయే రోజు అందరితో మాట్లాడి, నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మానాయన బాగుండారా?" అని అడిగి పోయినాడు. ఆయన స్థానంలో కర్ణాటక సరిహద్దు నుంచి ఇంకొక ఓవర్సీరు వచ్చినాడు. మాట సగం కన్నడం. వచ్చిన వారానికే సారు నన్ను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేయమన్నాడు.

"ఈ కొత్తాయన ఎలాంటి మనిషో కొంచెం కనుక్కుని చెబుతావా?"

నేను తలుపు వేయలేదు. తలుపు పట్టుకొనే నిలబడినాను.

"పిలుస్తాను సార్, మీరే అడగండి" అని చెప్పి, బయటికి పోయి ఆయన్ని పిలిచినాను.